పదిహేడేళ్ళ కిందట చనిపోయిన గోపమ్మ వీలునామా

నేను గోపమ్మను. మోతె పట్వారీగా ఉండి కాలం చేసిన రాఘవయ్య గారి కూతురిని, ఇప్పటి పట్వారీ వెంకటనర్సయ్యకు సొంత చెల్లెలిని. కలకత్తా సినిమాల్లో బకుల్‌రాణి దేవి అనే పేరుతో పద్నాలుగు వేషాలు కట్టినదాన్ని. వయస్సు ముప్పై ఏడు. కాపురం కోదాడలో, బెజవాడ రోడ్డు మీద, నా స్వార్జితమైన పెంకుటింట్లో. నా కడుపులో గడ్డ ఉంది, వచ్చే ఎండాకాలం చూడనని మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు చెప్పాడు. గడ్డ కడుపులోనే గాని తలలో లేదు. పూర్తి స్పృహతో, ఒకరు చెప్పగా కాకుండా, ఒకరికి భయపడి కాకుండా, నా చేత్తో నేనే ఈ వీలునామా రాస్తున్నాను. కోపంతో రాస్తున్నానా అంటే అవును, కోపంతోనే. కోపం ఉన్నంత మాత్రాన మతి లేనట్టు కాదని వకీలు గారిని అడిగే తెలుసుకున్నాను.

ఇది నా మొదటి వీలునామా, ఆఖరిది కూడా. దీన్ని అమలు జరిపే బాధ్యత సూర్యాపేట మిషన్ బడి పెద్ద పంతులు సత్యానందం గారిది. ఆయన ఎవరి ముందూ గొంతు పెంచడు, ఎవరి ముందూ తగ్గించడు. నాకు కావలసింది అటువంటి మనిషే.

1. అన్నిటికంటే ముందు ఒప్పుకోవలసిన సంగతి, ఇది రాసేనాటికి నేను బతికే ఉన్నాను. ఇంత చిన్న మాట రాయవలసి రావడానికి కారణం ఉంది. మోతె గ్రామం రిజిస్టరులో ఫసలీ 1342లో, అంటే పదిహేడేళ్ళ కిందట, నా పేరు ఎదుట "ఫౌతీ" అని ఉంది. అంటే చనిపోయిందని. ఆ అక్షరాలు మా అన్న వెంకటనర్సయ్యవి.

జరిగింది ఇది. నాకు ఎనిమిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట వైధవ్యం. ఆ పెళ్ళికొడుకును నేను రెండుసార్లు చూశాను. పసుపుకుంకుమ కింద మా నాన్న మోతె చెరువు కింద అయిదెకరాల మాగాణి నా పేర పెట్టాడు. ఆయన బతికున్నన్నాళ్ళు నా తల గొరిగించడానికి మంగలిని గడప తొక్కనీయలేదు. ఆయన పోయిన ఏడాదికి, విధవరాలు జడతో తిరుగుతుంటే ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నానని అన్న పట్టుబట్టాడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. గురువారం మంగలి వస్తాడనగా బుధవారం మధ్యాహ్నం మా బండి తోలే గౌరయ్య నన్ను జొన్నచొప్ప మాటున కూర్చోబెట్టి సూర్యాపేట తీసుకుపోయాడు. అక్కడ మిర్యాలగూడ మల్సూర్ నాటకాల కంపెనీ డేరా వేసి ఉంది. నాకు పాట వచ్చు. చేరాను.

ఆ మరుసటి ఏడాది, ఆంగీరసలో, మా అన్న నాకు ఘటశ్రాద్ధం పెట్టించాడు. తప్పిపోయిన ఆడదాని పేర కుండలో నీళ్ళు పోసి, ఊరి బయట ఎడమకాలితో తన్నించి, అది పగిలితే మనిషి పోయినట్టే లెక్కగట్టి, ఇంటిల్లిపాది చావు స్నానం తలకు పోసుకుని కర్మ ముగించడాన్ని మా కులంలో అలా అంటారు. అంతవరకు మా కులాచారం. నాకు దానితో పేచీ లేదు. కాని కుండ పగిలిన మూడో రోజున ఆయన రిజిస్టరు తెరిచాడు. కుండలో చచ్చినదాన్ని కాగితం మీద కూడా చంపి, వారసుడు తానే గనుక నా అయిదెకరాలు తన పేర ఎక్కించుకున్నాడు. శాస్త్రం కుండ దాకానే వచ్చింది. రిజిస్టరు దాకా వచ్చింది మా అన్న ఒక్కడే.

2. పై అయిదెకరాల మాగాణి, దాన విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించేటట్టు గౌరయ్యకు రాసి ఇస్తున్నాను. అతడు లేకపోతే భార్య లింగమ్మకు.

నన్ను సూర్యాపేటలో దింపి బండి వెనక్కి తోలుకు వచ్చినందుకు గౌరయ్యను చింతబరికెతో కొట్టించారు. ఎవరు చెప్తే తీసుకుపోయినవురా అని అన్న అడిగాడట. గౌరయ్య ఒక్కటే మాట అన్నాడట.

"ఆయమ్మ ఎంటికలు ఆయమ్మయి దొరా."

ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు మాత్రం పదిహేనేళ్ళ తరువాత కోదాడ అంగట్లో గౌరయ్య కనపడితే తెలిసింది. ఫౌతీ సంగతి కూడా ఆ రోజే తెలిసింది. అతని వీపు మీద మచ్చలు నేను చూశాను. ఆ దెబ్బలు తిన్ననాటి నుంచి ఆ అయిదెకరాలనే దున్నుతున్నాడు, పంట మాత్రం మా అన్న గాదెలోకి పోతున్నది. ఇగ పోగూడదు.

3. మల్సూర్ సంగతికి వస్తాను. కలకత్తాలో తెలుగు టాకీ తీస్తున్నారని అతడు మా కంపెనీ మొత్తాన్ని రైలెక్కించాడు. ఆ టాకీలో ఎనిమిదిమంది చెలికత్తెల్లో నేను ఒకతెను. హారతి పళ్ళెం పట్టుకుని నిలబడటం తప్ప నాకు వేరే పని లేదు. పని ముగిశాక ముగ్గురు ఆడపిల్లలను బసలో ఉండమని, టికెట్లు తెస్తానని పోయి, వేషాల పెట్టెలతో సహా బెజవాడ చేరుకున్నాడు. రైల్లో పెట్టెలకు చోటు దొరికింది, మాకు దొరకలేదు. మిర్యాలగూడ చేరి, గోపమ్మ స్టూడియో యజమానితో లేచిపోయిందని మా అన్నకు చెప్పాడు. ఆ మాట మీదనే కుండ పగిలింది. మిగిలిన ఇద్దరు పిల్లల సంగతి నాకు ఈనాటికీ తెలియదు. నా కోపంలో వాళ్ళ పాలు కూడా ఉంది.

నేను బతికింది హరలాల్ బాబు అనే డైరెక్టరు వల్ల. ఆయనకు మూగపిల్ల వేషానికి మనిషి కావాలి. నాకు బెంగాలీ ముక్క రాదు. ఇద్దరికీ సరిపోయింది. బకుల్ అంటే మన పొగడపూవు, ఆ పేరు ఆయన పెట్టిందే. బెంగాలు పల్లెటూరి పిల్ల మౌనం అంటే ఇదీ అని అక్కడి పత్రికలు రాశాయి. మా ఇంటామె ఖాంతమణి, తానూ ఒకప్పటి నాటకాల మనిషే, ఏడాది పాటు నాకు మాట నేర్పింది. చేప ముల్లు తీసుకుని తినడం వచ్చాక గాని నాలుకకు బెంగాలీ తిరగలేదు. రెండో సినిమాకు నాకు నోరు వచ్చింది. ఆ తరువాత నన్ను తెలుగు పిల్ల అంటే నమ్మినవాడు లేడు.

కుండ కబురు మా కంపెనీ హార్మోనిస్టు కార్డు రాస్తే మొదటి సినిమా తీస్తున్నప్పుడే అందింది. ఆ రోజు నాకు పెళ్ళికూతురి వేషం. నుదుట చందనం చుక్కలు పెట్టి, ఎర్ర చీర కట్టి, పుట్టింటి నుంచి పంపే ఘట్టం తీస్తున్నారు. ఏడవవలసిన చోట ఒక్క చుక్క రాలేదు. గ్లిజరిను పెట్టవలసి వచ్చింది. మొత్తం పద్నాలుగు సినిమాల్లో పదకొండింట చచ్చిపోయాను. ఏట్లో పడి, విషం మింగి, క్షయతో, పురుడు పోసుకుంటూ. ఒక్కొక్క చావుకు మూడు నాలుగు రోజుల పని. దీపాలు సరిపోలేదని మళ్ళీ చావమనేవారు. మా అన్నకు నన్ను చంపడానికి ఒక్క కుండ చాలింది.

ఆ సినిమాల్లో ఒకటి హిందీలో కూడా తీశారు. మల్సూర్ దాన్ని తెచ్చి సూర్యాపేటలో డేరా వేసి ఆడించాడు. మా అన్న కుర్చీ టికెట్టు మీద రెండుసార్లు చూశాడట. నన్ను కట్టెల మీద పెట్టే చోట కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడట. మల్సూర్ ఇదంతా గొప్పగా చెప్పుకు తిరిగాడు. తెర మీది బకుల్‌రాణికి ఏడ్చినవాడు గోపమ్మకు కుండ తన్నించాడు. నేను ఇన్ని వేషాలు కట్టాను గాని ఇంత పని నాకు చేతకాలేదు.

మల్సూర్‌కు నేను ఇచ్చేది ఇది. నేను కత్తి పట్టుకుని ఉన్న పెద్ద పోస్టరు ఒకటి నా ఇనప్పెట్టెలో ఉంది. దాని కింద తాటికాయంత అక్షరాలతో "మల్సూర్ కలకత్తాలో వదిలేసి వచ్చిన ముగ్గురు ఆడపిల్లల్లో ఈమె ఒకతె" అని రాయించి, మిర్యాలగూడలో అతని డేరా టికెట్ల కిటికీకి ఎదురుగోడ మీద అంటించాలి. ఈ పని దవాఖాన నర్సు శాంతకుమారి చేస్తానని ఒప్పుకుంది. చింపితే మళ్ళీ అంటించడానికి అటువంటివి ఇంకా ఆరు ఉన్నాయి.

4. కోదాడ ఇల్లు, పెరడు, బావి, ఇంట్లోని సామానుతో సహా చిలుకూరు దగ్గర తండా మనిషి ద్వాళికి రాసి ఇస్తున్నాను. మా అన్నకు గాని, అన్న సంతానానికి గాని ఇందులో గడ్డిపోచ కూడా లేదు.

కలకత్తాలో కొట్లాటలు జరిగిన ఏడాది నేను తిరిగి వచ్చాను. నాలుగు సినిమాల్లో నాకు మొగుడుగా వేసినవాడికే తల్లి వేషం వేయమన్నారు. అక్కడ ఇగ పని లేదని అర్థమైంది. మోతె పోవడానికి ధైర్యం చాలలేదు. బండి మీద పూట ప్రయాణం దూరాన, కోదాడలో ఆగాను. ఎవరమ్మా అంటే బెంగాలు దాన్ని అన్నాను. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడాను. కోదాడలో వేసిన ఈ కలకత్తామె వేషమే నా పదిహేనోది. దీనికి పోస్టరు లేదు, చప్పట్లు లేవు, విరామం కూడా లేదు. ద్వాళి పనికి కుదిరిన నెలకే కనిపెట్టింది. నాకు జ్వరం వచ్చి కలవరిస్తే వచ్చింది మోతె తెలుగు. మర్నాడు పొద్దున జావ తెచ్చి ముందు పెట్టి, "కలవరింతల మీ బాస మంచిగున్నదమ్మా, దాంట్లనే మాట్లాడున్రి" అన్నది. ఎవరికీ చెప్పలేదు. గడ్డ నొప్పికి నేను అరిస్తే మూడు నెలలుగా చేయి పట్టుకుని కూర్చుంటున్నది. నాకు అక్క గాని చెల్లె గాని ఆమే.

5. ఇల్లు మా అన్నకు ఎందుకు చెందదో, ఆయన కోర్టుకు పోతే ఏం జరుగుతుందో రాస్తున్నాను. సత్యానందం గారు దీన్ని రెండుసార్లు చదువుకోవాలి.

నిరుడు ఎండాకాలం పట్వారీ ఇంటికి ఒకవైపు రజాకార్ల భయం, ఇంకోవైపు సంఘం వాళ్ళ భయం. మా అన్న భార్యనూ మా అమ్మనూ బండెక్కించుకుని జగ్గయ్యపేట పోతూ కోదాడ చేరేసరికి అమ్మకు జ్వరం ముదిరింది. ఎవరూ తలుపు తీయలేదు. నా తలుపు తట్టాడు. నన్ను చూసి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఆ తరువాత రెండు చేతులూ జోడించి, "అమ్మగారూ, మేం మోతె పట్వారోళ్ళం. మా తల్లికి జరం. నాలుగు దినాలు తావియ్యున్రి" అన్నాడు. నేను ముక్కల తెలుగులో సరేనన్నాను. ఆయన వేషం నా వేషానికి తీసిపోలేదు. పదకొండు రోజులు తూర్పు గదిలో ఉన్నారు. నేను చచ్చినదాన్ని గనుక నా నీళ్ళు తాగలేదు, వేరే తోడుకున్నారు. బియ్యం మాత్రం నావే.

ఈ ఏడాది జ్యేష్ఠంలో ఆయన నుంచి జాబు వచ్చింది. నా గడ్డ సంగతి మల్సూర్ చెప్పి ఉంటాడు. మొదటి వాక్యం ఇది: "చిరంజీవి గోపమ్మకు అన్న వెంకటనర్సయ్య ఆశీర్వదించి వ్రాయునది." కుండ తన్నించినదాన్ని చిరంజీవి అన్నాడు. ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసిన చెయ్యి. ఎవరికి ఎలా మొదలుపెట్టాలో ఆ చెయ్యే రాసుకుపోయింది, అడ్డం పడడానికి బుద్ధికి తీరిక చిక్కలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు నా గుణగణాలన్నీ పొగిడాక, ఈ పదిహేడేళ్ళూ మల్సూర్ వల్ల నా క్షేమం తెలుసుకుంటూనే ఉన్నానని, కోదాడ ఇల్లు పరాయి చేతుల్లో పడకుండా తన పేర పెట్టమని రాశాడు. కింద దస్తఖతు ఉంది. కవరు మీద సూర్యాపేట టపా ముద్ర ఉంది.

ఆ జాబు పట్టుకుని తహసీలు కచేరీకి పోయాను. నేను బతికే ఉన్నాను, రిజిస్టరు దిద్దండి అన్నాను. గుమాస్తా రికార్డు తెప్పించి చూసి, ఫౌతీ అయిన మనిషి పేర దరఖాస్తు తీసుకునే వీలు లేదు, వారసులు పెట్టుకోవాలి అన్నాడు. ఎగతాళికి కాదు, పాపం మర్యాదగానే చెప్పాడు, కూర్చోమని కుర్చీ కూడా వేశాడు. నా వారసుడు ఎవరయ్యా అంటే పట్వారీ వెంకటనర్సయ్య అని అందులో రాసి ఉన్నది చదివి వినిపించాడు. బండిలో కోదాడ దాకా నవ్వుతూనే ఉన్నాను. ద్వాళి భయపడింది.

అందుకే ఈ వీలునామా. ఇప్పుడు నాకు వేరే వారసుడు ఉన్నాడు. నేను పోయిన మరునాడు గౌరయ్య నా వారసుడి హోదాలో, సత్యానందం గారు తోడు రాగా, ఈ వీలునామానూ ఆ జాబునూ తహసీల్దారు ముందు పెట్టాలి. ఫసలీ 1342 నాటి ఫౌతీని కొట్టివేయించి, నేను పోయిన అసలు తారీఖు రాయించాలి. మా అన్న వచ్చి ఆమె నా చెల్లెలే, ఇల్లు నాకు రావాలి అంటే, బతికున్న చెల్లెలిని రిజిస్టరులో చంపి భూమి తిన్నట్టు తన నోటితో ఒప్పుకున్నట్టు. పట్వారీ పని ఊడుతుంది. నా చెల్లెలు ఆనాడే చచ్చింది అంటే, కోదాడలో పోయిన బెంగాలు ఆమెతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. నాకు తెలియక ఆనాడు అలా రాశాను అంటాడేమో, పదిహేడేళ్ళ క్షేమం సంగతి ఆయన చేతిరాతలోనే ఉంది. అడకత్తెరలో పోకచెక్క ఎలా ఉంటుందో ఆయన ఒకసారి చూడాలి. నేను చూడలేనని తప్ప ఈ వీలునామాలో నాకు వేరే విచారం లేదు.

అసలు జాబు వీలునామాతో పాటు సబ్ రిజిస్ట్రారు దగ్గర ముద్ర వేసి ఉంచుతున్నాను. నకలు సత్యానందం గారి దగ్గర ఉంటుంది.

6. మా అన్నకు ఏమీ ఇవ్వలేదని రేపు ఎవరూ అనకూడదు. నేను పోయాక ద్వాళి నా తలవెంట్రుకలు మొదలంటా కత్తిరించి, జడ అల్లి, కొత్త గుడ్డలో కట్టి, మోతెకు పంపాలి. ఆయన చేతికే ఇవ్వాలి. ఆనాడు ఆయన నా దగ్గర అడిగింది అదొక్కటే.

7. నా హార్మోనియం శాంతకుమారికి. దవాఖాన వరండాలో ఆమె కీర్తనలు పాడుతుంటే శ్రుతి తప్పుతున్నది, నేను మంచం మీద పడి వింటూ పళ్ళు కొరుక్కున్నాను. శంఖం గాజులు ద్వాళికి. ఆమె దంతపు గాజుల పక్కన పెట్టి చూసి, బాగున్నాయని చాలాసార్లు అన్నది, ఒక్కసారి కూడా అడగలేదు. ఎర్ర అంచు తెల్ల చీర లింగమ్మకు. వదినకు నా గదిలో నిలువుటద్దం. ఆ పదకొండు రోజులూ నేను లేనప్పుడు వచ్చి అందులో చూసుకున్నది. ఆమె మీద నాకు కోపం లేదు. మా అన్నతో కాపురం చేస్తున్నది, అది చాలు.

8. నాకు కర్మ ఎవరూ చేయనక్కర లేదు. చేయవలసినవాళ్ళు ముందే చేశారు, ఎక్కువసార్లు చస్తే శాస్త్రం ఒప్పదేమో. కోదాడ వాగు ఒడ్డున కాల్చితే చాలు. కాని ఒక పని ఉంది. అది జరగకపోతే పైన రాసినదంతా వృథా అని సత్యానందం గారు తెలుసుకోవాలి.

మా అమ్మ అచ్చమ్మ ఆ పదకొండు రోజులూ నన్ను బెంగాలమ్మా అనే పిలిచింది. నేను కషాయం ఇస్తే కళ్ళు మూసుకుని తాగింది. నీళ్ళు కూడదన్నవాళ్ళు ఎదుట లేనప్పుడే తాగింది. తనకు తెలుసునో తెలియదో నేను అడగలేదు. జ్వరం తగ్గి జగ్గయ్యపేట పోయే రోజు బండి ఎక్కబోతూ, చీర కొంగు సర్దుకుంటున్నట్టు నా దగ్గర ఆగింది. నా ముఖం చూడలేదు, నేల చూస్తూ చెప్పింది.

"బెంగాలమ్మా, నాకొక బిడ్డ ఉండె. ఏడన్న కలిస్తే చెప్పు. ఆనాడు ఇంటిల్లిపాది తలకు పోసుకున్నరు. నేను పోసుకోలే. జరం వచ్చిందని అబద్ధం చెప్పి పండుకున్న."

నేను బెంగాలీలో ఏదో అన్నాను. ఏమన్నానో నాకే గుర్తు లేదు. బండి కదిలింది.

కాబట్టి నేను పోయినట్టు మోతెలో ఒక్క మనిషికే కబురు చెప్పాలి. సత్యానందం గారు స్వయంగా పోయి, పట్వారీ ఇంటి వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగు అందరూ వినేటట్టు, అచ్చమ్మ గారూ, మీ బిడ్డ గోపమ్మ కోదాడలో చనిపోయింది, తలకు పోసుకోండి అని చెప్పాలి. మా అన్న గడపలోనే ఉంటాడు. ఆయనకు చెప్పనక్కర లేదు. ఆయన పోసుకుని పదిహేడేళ్ళయింది.

విరోధి నామ సంవత్సరం, ఆశ్వయుజ బహుళం, శుక్రవారం, అనగా 14-10-1949. సూర్యాపేటలో రాసి దస్తఖతు చేసినది.

గోపమ్మ
ఉరఫ్ బకుల్‌రాణి దేవి

ఆమె మా ఎదుట, తెలివితో, తన చేత్తో దస్తఖతు చేయగా చూసిన సాక్షులు:
యాకోబు, బడిపంతులు, చిలుకూరు
పౌలు, జట్కా బండి, కోదాడ